ఫుజి కొండ, ఐదు సరస్సులు, ప్రైవేట్ గైడ్‌తో ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను టోక్యోలోని నిషి-కసాయిలో ఉంటున్నాను. మన ఐటీ వాళ్లు ఎక్కువగా ఉండే పేట ఇది. మార్చి దాటిందంటే ఫోన్లు మొదలు: "అమ్మానాన్న వస్తున్నారండీ, ఫుజికి బండి మాట్లాడాలి, ఏం అడగాలి, ఎలా అడగాలి?" ఇంటికొచ్చిన చుట్టాలతోనూ, స్నేహితుల తల్లిదండ్రులతోనూ గైడ్ బండ్లలో ఆ దారిన చాలాసార్లు వెళ్లొచ్చాను. నేను టూర్లు అమ్మను, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోను. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇలా రాసిపెట్టాను.

ముందు ఇది చెప్పండి. ఫుజి కచ్చితంగా కనబడుతుందా?

కచ్చితంగా అని చెప్పలేను. చెప్పే గైడ్ ఎవరైనా ఉంటే ఆయన్ని మాట్లాడుకోకండి.

3776 మీటర్ల ఆ కొండ ఒంటరిగా నిలబడి ఉంటుంది. దగ్గర్లో దానికి సాటి వచ్చే శిఖరం లేదు. తేమగాలి వచ్చి వాలుకి తగిలి పైకి లేచి, అక్కడికక్కడే మేఘమైపోతుంది. అందుకే మిగతా ఆకాశమంతా నీలంగా మెరుస్తూ ఉంటే కొండ ఒక్కటే మాయమవుతుంది. కొత్తవాళ్లకి ఇది నమ్మశక్యంగా ఉండదు.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు కవగుచికో సరస్సు ఒడ్డున నిలబడి "కొండ ఎక్కడరా?" అని అడిగింది. నేను మేఘం వైపు చెయ్యి చూపించాను. అమ్మ నన్ను జాలిగా చూసింది. అప్పుడు మా డ్రైవర్-గైడ్ ఏమీ మాట్లాడకుండా ఫోన్‌లో లైవ్ కెమెరాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, మధ్యాహ్నానికి అనుకున్న యమనకకో సరస్సుకి అప్పుడే బయల్దేరదీశాడు. అరగంట ప్రయాణం. అక్కడ కొండ పన్నెండు నిమిషాలు కనబడింది, మళ్లీ దుప్పటి కప్పుకుంది. ఆ రోజు మేమిచ్చిన డబ్బు ఆ పన్నెండు నిమిషాలకే అని నా లెక్క.

ప్రైవేట్ గైడ్ ఎందుకు అని అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఈ ఒక్క సంగతే. చూడాల్సిన చోట్ల జాబితా ఎవరైనా ఇస్తారు. ఆ జాబితాని ఆ రోజు కొండ మూడ్‌ని బట్టి అక్కడికక్కడే తిరగరాయగలిగిన మనిషి కావాలి.

ఏ నెలలో వస్తే మంచిది?

కొండ కనబడటమే ముఖ్యమైతే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. గాలి పొడిగా ఉంటుంది, ఉదయాలు తేటగా ఉంటాయి. చలి మాత్రం ఎముకల్లోకి దిగుతుంది. హైదరాబాద్ డిసెంబరు స్వెట్టర్ అక్కడ చాలదు.

జూన్, జూలై నెలల్లో జపాన్‌కి వానాకాలం, నమ్మకం పెట్టుకోకండి. ఆగస్టులో తెల్లవారుజామున కనబడి తొమ్మిదింటికల్లా మాయమయ్యే రోజులే ఎక్కువ.

ఇంకో సంగతి. మీ మనసులో ఉన్న ఫుజి, మంచు టోపీ పెట్టుకున్న ఫుజి. వేసవిలో ఆ టోపీ ఉండదు, గోధుమ-ఎరుపు రంగు మట్టి దిబ్బలా కనబడుతుంది. కొత్త మంచు మామూలుగా అక్టోబరు మొదట్లో పడుతుంది. 2024లో మాత్రం నవంబరు 7 దాకా పడలేదు. 1894లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత ఆలస్యం ఎప్పుడూ లేదు. ఆ అక్టోబరులో వచ్చిన మా బావగారి కుటుంబం "ఇదేనా?" అన్న మొహాలతో వెనక్కెళ్లింది.

చెర్రీ పూలు కావాలంటే టోక్యోలో పూలు రాలిపోయాక వెళ్లండి. సరస్సుల దగ్గర ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడ ఏప్రిల్ మధ్యలో పూస్తాయి. ఎర్ర ఆకులు నవంబరు మొదటి సగంలో. కవగుచికో ఉత్తర ఒడ్డున మేపుల్ చెట్ల మధ్య ఒక కాలవ ఉంటుంది, మొమిజి కైరో అంటారు. ఆ రోజుల్లో రాత్రి దీపాలు కూడా పెడతారు.

బస్సు, రైలు ఉన్నాయిగా. అంత డబ్బు పోసి ప్రైవేట్ బండి ఎందుకు?

ఇద్దరు కుర్రాళ్లయితే అక్కర్లేదు. టోక్యోలోని షింజుకు నుంచి కవగుచికోకి హైవే బస్సు దాదాపు రెండు గంటలు, ఫుజి ఎక్స్‌కర్షన్ అనే నేరుగా వెళ్లే రైలు కూడా అంతే. అక్కడ దిగాక సరస్సుల చుట్టూ తిరిగే లోకల్ బస్సులున్నాయి.

చిక్కంతా ఆ లోకల్ బస్సుల దగ్గరే. కవగుచికో చుట్టూ తరచుగా తిరుగుతాయి కానీ, సీజన్‌లో నిలబడటానికి కూడా చోటుండదు. మొతొసుకో సరస్సు వైపు బస్సులు తక్కువ. ఒకటి తప్పితే తర్వాతది ఎప్పుడో. మబ్బు పట్టిందని వేరే సరస్సుకి పరిగెత్తడం బస్సులో కుదిరే పని కాదు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు, నలుగురైదుగురు మనుషులు ఉంటే బండి మాట్లాడుకోవడమే మేలు.

చాలామందికి తెలియని మధ్యే మార్గం ఒకటుంది. రైల్లో కవగుచికో దాకా వెళ్లి, అక్కడి టాక్సీని గంటల లెక్కన మాట్లాడుకోవచ్చు. తొమ్మిది మంది పట్టే జంబో టాక్సీలు కూడా దొరుకుతాయి. టోక్యో నుంచి రానూ పోనూ బండి ఖర్చు మిగులుతుంది, ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. డ్రైవర్‌కి ఇంగ్లీషు వస్తుందో రాదో మాత్రం ముందే కనుక్కోండి.

గైడ్, డ్రైవర్, డ్రైవర్-గైడ్: వీళ్లకి తేడా ఏంటి?

డ్రైవర్ బండి నడుపుతాడు, చెప్పిన చోట ఆపుతాడు, అంతే. గైడ్ మీతో దిగి నడుస్తాడు, వివరిస్తాడు, హోటల్‌కి ఫోన్ చేస్తాడు. డ్రైవర్-గైడ్ రెండూ చేస్తాడు కానీ పార్కింగ్ దొరకని చోట మిమ్మల్ని దింపేసి బండి దగ్గరే ఉండిపోతాడు. ఫుజి దగ్గర పార్కింగ్ దొరకని చోట్లే ఎక్కువ.

జపాన్ ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చే గైడ్ లైసెన్సు ఒకటుంది. జెన్కోకు త్సూయకు అన్నైషి అంటారు. 2018 జనవరి నుంచి ఆ లైసెన్సు లేనివాళ్లు కూడా డబ్బు తీసుకుని గైడ్ పని చేయొచ్చు, ఆ పేరు మాత్రం పెట్టుకోకూడదు. కాబట్టి లైసెన్సు లేనంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. లైసెన్సు లేకపోయినా కొండని చేతివేళ్లలా తెలిసిన వాళ్లని చూశాను. లైసెన్సు ఉండి, బట్టీపట్టిన తేదీలు తప్ప ఇంకేమీ చెప్పనివాళ్లనీ చూశాను.

బండి సంగతి మాత్రం అలా కాదు. అది కింద చెబుతాను.

బండి విషయంలో ఏం చూసుకోవాలి?

నంబర్ ప్లేటు రంగు.

జపాన్‌లో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే అనుమతి ఉన్న టాక్సీ, హైర్ బండ్లకి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అంకెలుంటాయి. తెల్ల ప్లేటుంటే అది సొంత వాడకానికి ఉన్న కారు. అనుమతి లేకుండా తెల్ల ప్లేటు కారులో డబ్బుకి తిప్పడం చట్టవిరుద్ధం. దాన్ని షిరొతకు అంటారు, తెల్ల టాక్సీ అని అర్థం. చవకగా దొరుకుతాయి, సోషల్ మీడియాలో ఫోటోలు బ్రహ్మాండంగా ఉంటాయి. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వర్తించకపోవచ్చు, పోలీసులు ఆపితే మీ టూర్ అక్కడితో సరి.

నేనూ ఒకసారి తెలియక ఎక్కాను. మనిషి మంచివాడే. కానీ దారిలో "ఎవరైనా అడిగితే మనం స్నేహితులమని చెప్పండి" అన్నాడు. మా నాన్నకి అబద్ధం చెప్పడం రాదు. ఆ పది గంటలూ ఆయన కిటికీలోంచి కొండని చూడలేదు, పోలీసుల కోసం చూశాడు.

బుక్ చేసేటప్పుడు "ఆకుపచ్చ ప్లేటేనా?" అని రాతపూర్వకంగా అడగండి. జవాబు నేరుగా రాకపోతే వదిలేయండి.

ఎంతవుతుంది? మా ఊరివాళ్లు ఒక రేటు చెప్పారు, ఇంకొకళ్లు రెట్టింపు చెప్పారు.

ఇద్దరూ నిజమే చెప్పి ఉంటారు, లోపల కలిపినవి వేరై ఉంటాయి. ప్రైవేట్ టూర్ ధర మామూలుగా తలకి కాదు, బండికి. ఇద్దరెక్కినా ఆరుగురెక్కినా అంతే. అందుకే ఇద్దరికి భారంగా అనిపించేది ఆరుగురు పంచుకుంటే సర్దుకుపోతుంది.

అడగాల్సినవి: హైవే టోల్ కలిపారా, పార్కింగ్ కలిపారా, కొండ మీదికి వెళ్లే సుబారు లైన్ రోడ్డు టోల్ కలిపారా, గైడ్ భోజనం ఎవరిది, అనుకున్న గంటలు దాటితే అరగంటకి ఎంత. ఈ చివరిదే జేబుకి తగులుతుంది. ఆదివారం సాయంత్రం చువో హైవే మీద కొబొతొకె సొరంగం దగ్గర బండ్లు బారులు తీరతాయి. అందులో ఇరుక్కున్న గంటన్నర కూడా మీ మీటరు మీదే పడుతుంది. కుదిరితే శని, ఆదివారాలు వదిలేయండి.

బండి సైజు దగ్గర కూడా జాగ్రత్త. ఆల్ఫార్డ్ అనే కారులో ఆరుగురు పడతారని రాస్తారు. పడతారు. పెట్టెలు కూడా ఉంటే పట్టరు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వెళ్లే ఆలోచనుంటే హైఏస్ వ్యాన్ అడగండి.

కొండ కనబడకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అని కూడా అడుగుతారు. ఇవ్వరు. తుపాను వచ్చి రోడ్లు మూసేస్తే వేరే సంగతి. రద్దు గడువు ఎన్ని రోజుల ముందో చూసుకోండి. ముందురోజు సాయంత్రం వాతావరణం చూసి తేదీ మార్చుకోనిచ్చే వాళ్లు దొరికితే, కాస్త ఎక్కువైనా వాళ్లనే పట్టుకోండి.

ఎన్ని గంటలకి బయల్దేరాలి?

ఏడింటికి. ఆరున్నరకైతే ఇంకా మంచిది. టోక్యో నుంచి వంద కిలోమీటర్ల దూరం. మనవాళ్లు హోటల్ బ్రేక్‌ఫాస్ట్ ఉచితం కదా అని తొమ్మిదింటికి తాపీగా బయల్దేరతారు. ఆ ఇడ్లీ లేని బ్రేక్‌ఫాస్ట్ కోసం కొండని పోగొట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

నీళ్లలో తలకిందులుగా కనబడే ఫుజిని సకసా-ఫుజి అంటారు. అది గాలి లేవకముందు, పొద్దున్నే కనబడుతుంది. పది దాటాక అలలు మొదలైతే మిగిలేది సగం ఫోటోనే.

ఐదు సరస్సులూ ఒకే రోజులో చూడొచ్చా?

బండి కిటికీలోంచి చూడొచ్చు. దిగి చూడాలంటే రెండు, మహా అయితే మూడు.

ముందు పేర్ల సంగతి. చివర ఉన్న "కో" అంటేనే సరస్సు. యమనకకో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా ఎత్తున ఉన్నది, దాదాపు 980 మీటర్లు. అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ సూర్యుడు సరిగ్గా శిఖరం మీద కుంగే రోజులుంటాయి, డైమండ్ ఫుజి అంటారు. నీళ్లలోకి దిగే కబా అనే బస్సు కూడా అక్కడే ఉంది. పిల్లలున్నవాళ్లు ఇంక వేరే ప్లాన్ వేయక్కర్లేదు.

కవగుచికోకి అందరూ వెళతారు. స్టేషన్, హోటళ్లు, రోప్‌వే అన్నీ అక్కడే. మీరు ఫోటోల్లో చూసిన పూల ముందు ఫుజి చాలావరకు ఉత్తర ఒడ్డున ఉన్న ఒయిషి పార్కుది. జూన్ చివర్లో లావెండర్, అక్టోబరులో ఎర్రబడే కొకియా పొదలు.

ఇక సైకో. పేరు విని నవ్వకండి, మా ఇంట్లో అందరూ నవ్వేశారు. పేరుకి తగ్గ గోలేమీ ఉండదు, ఐదింటిలో నెమ్మదైన వాటిలో ఒకటి. అకితా ప్రాంతంలోని తజవా సరస్సులో అంతరించిపోయిందనుకున్న కునిమసు అనే చేప 2010లో ఇక్కడ బతికే ఉందని తేలింది. ఎప్పుడో గుడ్లు తెచ్చి వదిలితే డెబ్బై ఏళ్లు ఎవరికీ తెలియకుండా బతికింది. ఒడ్డున గడ్డి కప్పుల ఇళ్ల పల్లె ఒకటుంది, నెన్బా. 1966 తుపానులో కొండచరియ విరిగిపడి ఆ పల్లె పోయింది. 2006లో పాత పద్ధతిలో మళ్లీ కట్టి చూడటానికి తెరిచారు.

షోజికో అన్నిటికన్నా చిన్నది. మొతొసుకో అన్నిటికన్నా లోతైనది, 120 మీటర్లు దాటుతుంది. పాత వెయ్యి యెన్ల నోటు వెనకవైపు ఉన్న ఫుజి, మొతొసుకో ఒడ్డున కొండమీంచి కనబడేదే. ఒకదా కోయో 1935లో తీసిన ఫోటో ఆధారంగా వేశారు. 2024 జూలైలో వచ్చిన కొత్త నోటు మీద చిత్రకారుడు హొకుసాయి గీసిన అల బొమ్మ ఉంది. పాత నోటు ఇంకా చెల్లుతుంది, ఒకటి జేబులో పెట్టుకెళ్లి పక్కన పట్టుకుని చూడండి.

సైకో, షోజికో, మొతొసుకో మూడూ ఒకప్పుడు ఒకే నీళ్లు. మొతొసుకో ముందే విడిపోయింది; 864లో ఫుజి పేలినప్పుడు లావా వచ్చి మిగిలిన సెనొఉమి అనే పెద్ద సరస్సుని పూడ్చేసి సైకో, షోజికోలుగా ముక్కలు చేసింది. ఇప్పటికీ మూడింటి నీటిమట్టం ఒకే ఎత్తులో, సుమారు 900 మీటర్ల దగ్గర ఉంటుంది. అడుగున నీళ్లు కలిసే ఉన్నాయంటారు. గైడ్ ఈ సంగతి తనంతట తాను చెప్పాడంటే మీకు మంచి గైడే దొరికినట్టు.

ఎర్ర గోపురం వెనక ఫుజి ఉండే ఫోటో ఎక్కడ?

ఫుజియోషిదా ఊళ్లో, అరకురయమ సెంగెన్ పార్కులో. దాన్ని చురెయితో అంటారు. ఐదంతస్తుల పగోడా. చూడటానికి వెయ్యేళ్లనాటి గుడిలా ఉంటుంది కానీ 1963లో యుద్ధమృతుల స్మారకంగా కట్టింది.

398 మెట్లు. అలిపిరి ఎక్కినవాళ్లకి ఇదో లెక్క కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పక్కనే వంపులు తిరుగుతూ వాలు దారి ఉంది. చెర్రీ పూల రోజుల్లో మాత్రం పైన ఫోటో వేదిక దగ్గర క్యూ చూస్తే సర్వదర్శనం గుర్తొస్తుంది. ఆ వారం పది రోజులూ పొద్దున ఏడులోపు వెళ్లలేకపోతే నా మాట విని వదిలేయండి.

ఒషినో హక్కాయ్ అంత బాగుంటుందా?

సగం బాగుంటుంది. హక్కాయ్ అంటే ఎనిమిది సముద్రాలు, నిజానికి ఎనిమిది చెరువులు. ఫుజి మంచు కరిగి లావా పొరల్లో ఏళ్లపాటు ఇంకి ఇక్కడ ఊటలుగా పైకి వస్తుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి.

అందరూ మూగి ఫోటోలు తీసుకునే మధ్యలోని గుండ్రని లోతైన నీలి గుంట ఉంది చూశారా, ఆ ఎనిమిదింటిలో అది లేదు. మనుషులు తవ్వింది, పక్కన షాపుంది. అసలు వాటిల్లో వకు-ఇకె చూడండి, ఊట స్పష్టంగా తెలుస్తుంది. గోదావరి బ్రిడ్జి మీద అలవాటుకొద్దీ మా పిన్ని పర్సులో చిల్లర వెతికింది. వద్దని ఆపాను. ఇక్కడ నాణేలు వేయకూడదు, నీళ్లు పాడవుతాయని బోర్డులు పెట్టారు.

ఐదో స్టేషన్ అంటే రైల్వే స్టేషనా?

కాదు. కొండ అడుగు నుంచి శిఖరం దాకా దారిని పది మజిలీలు చేశారు, అందులో ఐదోది. కవగుచికో వైపు నుంచి సుబారు లైన్ అనే టోల్ రోడ్డు మీద 2305 మీటర్ల దాకా బండి వెళుతుంది. అక్కడ షాపులు, చిన్న గుడి, కింద మేఘాలు.

ఒక చిన్న నిజం చెప్పనా? అక్కడి నుంచి ఫుజి అందంగా కనబడదు. మీరు దాని మీదే నిలబడి ఉంటారు, తాజ్‌మహల్ గోడకి ముక్కు ఆనించి చూసినట్టు ఉంటుంది. మేఘాల పైన నిలబడాలన్న సరదా ఉంటే వెళ్లండి. లేకపోతే ఆ సమయాన్ని సరస్సుల దగ్గర గడపండి.

వెళితే స్వెట్టర్ తప్పదు. సరస్సు ఒడ్డుకంటే దాదాపు 1500 మీటర్లు పైకి వెళతారు, తొమ్మిది డిగ్రీల దాకా తగ్గుతుంది. చలికాలంలో మంచు పడితే రోడ్డు మూసేస్తారు, కొన్నిసార్లు మధ్యలోనే ఆపేస్తారు. వేసవి సీజన్‌లో సొంత కార్లని, అద్దె కార్లని పైకి రానివ్వరు. టాక్సీలు, బస్సులు వెళతాయి. మీ బండి వెళ్తుందో లేదో ముందే అడగండి.

శిఖరం దాకా ఎక్కించరా?

అది వేరే పని, వేరే గైడ్, కనీసం ఒక రాత్రి. యోషిదా దారి జూలై 1 నుంచి సెప్టెంబరు 10 దాకా తెరిచి ఉంటుంది. 2025 సీజన్‌లో మనిషికి 4000 యెన్ల రుసుము పెట్టారు. మధ్యాహ్నం 2 దాటితే పైన గుడిసెలో బుకింగ్ ఉన్నవాళ్లని తప్ప గేటు దాటనివ్వలేదు. సైట్‌సీయింగ్ రోజున "కాస్త దూరం ఎక్కి వస్తాం" అనే సరదా పెట్టుకోకండి, చెప్పులతో అసలే వద్దు.

షాపు మీద ఫుజి కూర్చున్నట్టుండే ఆ ఫోటో?

కవగుచికో స్టేషన్ దగ్గరి లాసన్ అనే చిన్న సరుకుల షాపు. జనం రోడ్డు మధ్యలో నిలబడి, పక్కనున్న క్లినిక్ వాళ్లకి నిద్ర లేకుండా చేస్తే విసిగిపోయి 2024 మేలో రెండున్నర మీటర్ల ఎత్తు నల్ల తెర కట్టారు. ఆగస్టులో తుపాను భయంతో తీసేశారు. ఫోటో తీసుకోండి, కానీ జీబ్రా గీతల మీదే దాటండి. మనవాళ్లు ట్రాఫిక్‌లో చెయ్యెత్తి దాటేస్తారు, ఇక్కడ అది పనికిరాదు.

అదే రోజు హకోనె కూడా కలపొచ్చా? గొతెంబ అవుట్‌లెట్ షాపింగ్?

చాలా టూర్ల కాగితాల మీద కలిపే ఉంటుంది. హకోనె ఓడ తిరిగే అషి సరస్సు ఈ ఐదింటిలోది కాదు, అది కనగవా జిల్లాలో ఉంది. రెండూ కలిపితే రోజంతా బండిలోనే గడుస్తుంది. అక్కడి ఒవకుదాని వేడి ఊటల్లో ఉడికించే నల్ల గుడ్లు తిన్నామని చెప్పుకోవడానికి తప్ప నాకేం లాభం కనబడలేదు. హకోనెకి ఇంకో రోజు పెట్టుకోండి.

గొతెంబ షాపింగ్ వేరే కథ. రెండు గంటలు అనుకుని వెళతారు, నాలుగు గంటలు అవుతుంది. ఇంట్లో గొడవలు వద్దనుకుంటే చివరి మజిలీగా పెట్టండి, మొదటిదిగా మాత్రం కాదు.

అమ్మానాన్నలకి డెబ్బై దాటాయి. నడవలేరు.

అయితే ప్రైవేట్ బండే సరి. ఒయిషి పార్కు చదునుగా ఉంటుంది. కవగుచికోలో ఇరవై నిమిషాల పడవ ఉంది. కితగుచి హోంగు సెంగెన్ గుడికి తప్పకుండా తీసుకెళ్లండి. దేవదారు చెట్ల మధ్య నాచుపట్టిన రాతి దీపాల వరసలో నేల మీదే నడక. యోషిదా దారిలో కొండెక్కేవాళ్లు పూర్వం ఇక్కడ మొక్కుకునే బయల్దేరేవాళ్లు. ఇక్కడి దేవత కొనొహనసకుయ-హిమె, ఫుజి తల్లి. కొండనే దేవతగా కొలవడం మనవాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. మా నాన్న చెప్పులు విప్పబోతే గైడే వద్దని ఆపింది. ఆవరణలో అందరూ చెప్పులతోనే నడుస్తారు.

ఏటా ఆగస్టు 26, 27 తేదీల్లో ఈ గుడి ఉన్న ఫుజియోషిదా ఊళ్లో నిప్పుల పండుగ. వీధంతా మనిషి ఎత్తుకి మించిన కాగడాలు. ఆ రోజుల్లో దారులు మూస్తారు, బండి ఎక్కడ ఆగుతుందో ముందే మాట్లాడుకోండి.

గైడ్‌కి ముందే చెప్పాల్సింది ఒకటే: గంటన్నరకోసారి బాత్రూమ్ ఆపాలని. సిగ్గుపడకండి, వాళ్లకి ఇది అలవాటే.

చిన్న పిల్లలకి సీటు ఇస్తారా?

ఆరేళ్లలోపు పిల్లలకి సొంత, అద్దె కార్లలో చైల్డ్ సీటు తప్పనిసరి. టాక్సీలకి మినహాయింపుంది, అందుకే అడగకపోతే పెట్టరు. వయసు, బరువు చెప్పి బుకింగ్‌లోనే అడగండి.

మేం శాకాహారులం. ఏం తినాలి?

ఇక్కడే అందరూ దెబ్బతింటారు. ఆ ప్రాంతపు వంట హోతో: వెడల్పాటి పిండి పట్టీలు, గుమ్మడికాయ, కూరగాయలు, మిసో (సోయా ముద్ద) పులుసు ఇనప గిన్నెలో కుతకుతలాడుతూ వస్తాయి. చూడటానికి శుద్ధ శాకాహారమే. కానీ ఆ పులుసు మామూలుగా ఎండు చేపలు మరిగించిన దాషితో చేస్తారు. యోషిదా ఉదోన్ అనే లావు నూడుల్స్ అయితే ఇంకా స్పష్టం, పైన గుర్రం మాంసం వేయడం అక్కడి అలవాటు.

"వెజిటేరియన్" అంటే చాలా హోటళ్లలో కనబడే ముక్కలు తీసేసి ఇస్తారు. "నికు నాషి, సకన నాషి, దాషి నాషి" అనండి: మాంసం వద్దు, చేప వద్దు, దాషి వద్దు. ఇంకా మంచిది, గైడ్ చేత ముందురోజే హోటల్‌కి ఫోన్ చేయించండి. ఈ ఒక్క ఫోన్ చేయని గైడ్‌కి మిగతా పనులు కూడా పట్టవని నా అనుభవం.

మేం మాత్రం పులిహోర డబ్బా పట్టుకెళతాం. బండిలో తినొచ్చా అని అడిగి తినండి, ఆవకాయ మూత మాత్రం బయటే తీయండి. చెత్తకుండీలు దాదాపు ఎక్కడా ఉండవు. మీ చెత్త మీతోనే వెనక్కి రావాలి.

అవొకిగహరా అడవికి తీసుకెళతారా?

ఆ 864 లావా మీద మొలిచిన అడవి అది. మట్టి లేక వేళ్లు రాళ్ల మీదే పాముల్లా పాకి ఉంటాయి. నరుసవా మంచు గుహ, ఫుగకు గాలి గుహ అందులోనే ఉన్నాయి. మండు వేసవిలో కూడా మంచు గుహలో సున్నా దగ్గర చలి. లోపల వంగి నడవాలి, మెట్లు జారుతాయి. వానరోజున ఇంతకన్నా మంచి చోటు లేదు.

దిక్సూచి పని చేయదనేది పుకారు. లావాలో ఇనుము ఉంది కాబట్టి రాయికి ఆనిస్తే ముల్లు కాస్త కదులుతుంది, అంతే. ఈ అడవి గురించి వేరే కథలు కూడా విని ఉంటారు. అవి నిజమైన మనుషుల, నిజమైన కుటుంబాల దుఃఖాలు. గైడ్‌ని వాటి గురించి గుచ్చి గుచ్చి అడగకండి, వీడియోలు తీయకండి.

తెలుగు వచ్చే గైడ్ దొరుకుతారా?

నాకైతే ఇంతవరకు ఎదురుపడలేదు. ఇంగ్లీషు గైడ్ దొరుకుతారు, హిందీ వచ్చేవాళ్లూ అక్కడక్కడా ఉన్నారు. మీ పిల్లలెవరైనా పక్కనుండి తెలుగులో చెబితే చాలు.

ఒక చిన్న మాట మీకు మీరే చెప్పుకోవచ్చు. జపాన్ వాళ్లు కొండని ఫుజి-సాన్ అంటారు. "కొండకి కూడా గారు తగిలించారు" అని మనవాళ్లు మురిసిపోతారు. ఈ సాన్ ఆ సాన్ కాదు. కొండ అనే అక్షరాన్నే ఇక్కడ సాన్ అని చదువుతారు.

టిప్పు ఎంత ఇవ్వాలి?

ఇవ్వక్కర్లేదు. ఇస్తే ఇబ్బంది పడతారు. ఊరి నుంచి తెచ్చిన పూతరేకులో, జీడిపప్పు పాకమో చేతిలో పెట్టండి, మొహం వెలిగిపోతుంది.

మేమే కారు అద్దెకి తీసుకుని నడుపుకోవచ్చా?

వచ్చు. ఇండియాలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడ చెల్లుతుంది, మనలాగే ఎడమవైపు నడపడం. చలికాలంలో మాత్రం వద్దు. రోడ్డు మీద గాజులా గడ్డకట్టే మంచు కళ్లకి కనబడదు, మంచు టైర్లు వేయించుకున్నా మనకి ఆ అలవాటు లేదు.

అన్నీ చేసినా కొండ కనబడకపోతే?

ముందురోజే అక్కడికి చేరి రాత్రి సరస్సు ఒడ్డున ఉండగలిగితే అవకాశాలు రెండవుతాయి, ఒక సాయంత్రం, ఒక తెల్లవారుజాము. తెల్లవారుజామున గది కర్టెన్ తీసి చూడటానికి గైడ్ కూడా అక్కర్లేదు.

అదీ కుదరకపోతే, టోక్యో నుంచి క్యోటో వెళ్లే షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో కుడివైపు కిటికీ సీటు, మామూలు పెట్టెలో ఇంగ్లీషు E అక్షరం ఉన్నది తీసుకోండి. బయల్దేరిన ముప్పావుగంటకి షిన్-ఫుజి దగ్గర చూడండి. మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు రోజంతా సరస్సుల చుట్టూ తిరిగినా కొండ మొహం చూపించలేదు. రెండు రోజుల తర్వాత ఆ రైల్లో, వాటర్ బాటిల్ మూత తీస్తూ తలెత్తి, "ఒరేయ్, ఇదిగోరా" అంది. నేను ఫోన్ తీసేలోపు సొరంగం వచ్చేసింది.